అబార్షన్ నుంచి మరణశిక్ష దాకా ఒకే సూత్రమా? ప్రాణ గౌరవంపై కతోలిక ఆలోచన

2025 సెప్టెంబర్ 30న ఇటలీలోని కాస్టెల్ గండోల్ఫో దగ్గర ఒక విలేకరి పోప్ పద్నాలుగవ లియోను ఒక ప్రశ్న అడిగారు. అమెరికాలో షికాగో అగ్రపీఠం (ఆ ప్రాంత కతోలిక చర్చి పాలనా విభాగం) అప్పటికి కొన్ని రోజుల క్రితమే సెనేటర్ డిక్ డర్బిన్‌కు జీవితకాల పురస్కారం ఇస్తామని ప్రకటించింది. వలసదారుల కోసం ఆయన ఏళ్ల తరబడి చేసిన కృషికి గుర్తింపు అది. అయితే డర్బిన్ చట్టసభలో అబార్షన్ హక్కును సమర్థిస్తూ వచ్చిన నాయకుడు. అలాంటి వ్యక్తికి శ్రీసభ (కతోలిక చర్చి) సన్మానం ఏమిటని కొందరు పీఠాధిపతులు (బిషప్పులు) బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. పోప్ ఆ పురస్కారం మంచిచెడ్డల జోలికి పెద్దగా వెళ్లలేదు. అబార్షన్‌ను వ్యతిరేకిస్తూ మరణశిక్షను సమర్థించే మనిషి నిజంగా ప్రాణం పక్షాన ఉన్నట్టు కాదన్నారు. అబార్షన్‌ను వ్యతిరేకిస్తూనే వలసదారుల పట్ల అమానుషంగా ప్రవర్తించడాన్ని ఒప్పుకునేవారిని ప్రాణం పక్షాన ఉన్నారని అనగలమో లేదో తనకు తెలియదన్నారు. డర్బిన్ ఆ పురస్కారం వద్దని తప్పుకున్నారు. గొడవ మాత్రం ఆగలేదు.

మేం ఇన్నేళ్లుగా చెబుతున్నది ఇదే కదా అని కొందరు కతోలికులు సంతోషించారు. పుట్టని బిడ్డను చంపడాన్నీ, వలస విధానాన్నీ ఒకే తక్కెడలో పెట్టడమేమిటని ఇంకొందరు నొచ్చుకున్నారు. చిత్రమేమిటంటే ఇద్దరూ శ్రీసభ పత్రాల్లోని వాక్యాలే చూపించారు, ఇద్దరు చూపించిన వాక్యాలూ నిజంగానే అక్కడ ఉన్నాయి. పునాది (మనిషి ప్రాణానికి విలువ ఎందుకు) గురించి చెప్పిన మాటను బరువు (ఏ తప్పు ఎంత పెద్దది) గురించి చెప్పినట్టు, బరువు గురించి చెప్పిన మాటను పునాది గురించి చెప్పినట్టు చదవడం వల్లే ఈ చిక్కు ఎక్కువగా పుడుతుందని నా అభిప్రాయం. అందుకే ముందు పునాది దగ్గర మొదలుపెడదాం.

మనిషి విలువ ఎక్కడ నుంచి వస్తుంది?

మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని ఆదికాండము మొదటి అధ్యాయం చెబుతుంది. కతోలిక నీతి అంతా ఈ మాట మీదే నిలబడింది. మనిషి విలువ అతని ఆరోగ్యాన్ని బట్టో, తెలివిని బట్టో, సంపాదనను బట్టో, మంచితనాన్ని బట్టో వచ్చేదైతే అవి పోయినప్పుడు విలువా పోతుంది. మనిషిగా ఉండటం వల్లే వచ్చేదైతే దాన్ని ఎవరూ తీసేయలేరు, తానే పోగొట్టుకోలేడు కూడా.

2024 ఏప్రిల్‌లో వాటికన్ విడుదల చేసిన ‘దిగ్నితాస్ ఇన్ఫినిత’ అనే పత్రం దీన్ని ఇంకాస్త విడమరిచింది. మానవ గౌరవం అనే మాటను మనం నాలుగు అర్థాల్లో వాడుతున్నామని చెప్పింది. ఒక హంతకుడిని తీసుకుందాం. చేసిన పని వల్ల అతని నైతిక గౌరవం దెబ్బతింది. పురుగులు పట్టిన ఇరుకు గదిలో ఉంచితే సామాజిక గౌరవం దెబ్బతింటుంది. బతుకు మీద ఆశ చచ్చిపోయి తనకు తానే భారమైతే, అతను అనుభవించే జీవితంలో గౌరవం లేకుండా పోతుంది. ఈ మూడూ పెరగొచ్చు, తరగొచ్చు. నాలుగోది, ఉనికిలోనే ఉన్న గౌరవం, మాత్రం మారదు. హంతకుడికీ, అతని చేతిలో చనిపోయిన మనిషికీ, కడుపులో ఉన్న పిండానికీ, మంచంలో కదలలేని వృద్ధురాలికీ అది సమానం.

ఈ పునాది నుంచి చూస్తే అబార్షన్, కారుణ్య మరణం, మరణశిక్ష, యుద్ధం, ఆకలి, మనుషుల అక్రమ రవాణా ఒకదానితో ఒకటి సంబంధం లేని విషయాలు కావు. వీటన్నిటినీ కలిపి ఆలోచించే పద్ధతిని ఇంగ్లిష్‌లో ‘కన్సిస్టెంట్ ఎథిక్ ఆఫ్ లైఫ్’ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని ఏకసూత్ర జీవ నీతి అందాం.

కుట్టులేని అంగీ: 1983 నాటి ప్రసంగం

ఈ పేరు స్థిరపడింది కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ వల్ల. ఆయన షికాగో అగ్రపీఠాధిపతి. అణ్వాయుధాలపై అమెరికా పీఠాధిపతులు ఒక లేఖ రాయాలనుకున్నప్పుడు ఆ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1983 మేలో ఆ లేఖ 238 – 9 ఓట్లతో ఆమోదం పొందింది. ఆ ఏడాది చివర్లోనే అబార్షన్‌కు వ్యతిరేకంగా పనిచేసే కమిటీ బాధ్యత కూడా ఆయన మీద పడింది. అప్పటి అమెరికా రాజకీయాల్లో అణ్వాయుధాలను వ్యతిరేకించేవాళ్లు ఒక వైపు, అబార్షన్‌ను వ్యతిరేకించేవాళ్లు ఇంకో వైపు ఉండేవారు. ఒకే మనిషి రెండు చోట్లా నిలబడాల్సి రావడంతో రెంటినీ కలిపే సూత్రమేమిటో చెప్పక తప్పలేదు.

1983 డిసెంబర్ 6న న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో ఆయన ఆ సూత్రాన్ని వివరించారు. అత్యంత బలహీనుల జీవించే హక్కు కోసం నిలబడేవాళ్లు, పుట్టిన తర్వాత బలహీనులుగా మిగిలిన వాళ్ల జీవన పరిస్థితుల కోసం కూడా అంతే స్పష్టంగా నిలబడాలన్నది ఆయన వాదన సారాంశం. వృద్ధులు, పిల్లలు, ఆకలితో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, పత్రాలు లేని వలసదారులు, పని దొరకనివాళ్లు అంటూ పేరుపేరునా చెప్పారు.

యోహాను సువార్త 19వ అధ్యాయంలో సిలువ దగ్గర సైనికులు యేసు అంగీని చింపకుండా చీట్లు వేసుకుంటారు. అది కుట్టు లేకుండా పైనుంచి కింది దాకా ఒకే నేతగా నేసినది. ఆ అంగీని ఈ ఆలోచనకు గుర్తుగా వాడింది బెర్నార్డిన్ ఒక్కరే కాదు. శాంతి ఉద్యమంలో పనిచేసిన కతోలిక మహిళ ఐలీన్ ఈగన్ 1971లోనే వాడారు. ఆ పోలిక జనంలోకి బాగా వెళ్లింది. అయితే కొంత అపార్థం కూడా దాని వెంటే వచ్చింది. కుట్టే లేదంటే ఏ భాగానికీ వేరే కొలత ఉండదనే అర్థం తోస్తుంది. బెర్నార్డిన్ ప్రసంగం అలా చెప్పలేదు. ప్రతి సమస్యకూ దాని సొంత స్వభావం ఉందనీ, వాటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టాలి గానీ కలిపేసి ఒకటి చేయకూడదనీ ఆయన మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. అబార్షన్‌ను చిన్న విషయంగా చూపించడానికి తన మాటలను వాడటం దుర్వినియోగమని తర్వాత కూడా చెప్పారు.

ఒకే పునాది మీద మూడు రకాల తీర్పులు

చర్చల్లో చాలామంది దాటేసే భాగం ఇది. పునాది ఒకటే అయినా, శ్రీసభ అన్ని ప్రశ్నలకూ ఒకే తీరులో జవాబు చెప్పదు.

కొన్ని పనులు ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి. 1995 మార్చి 25న పోప్ రెండవ జాన్‌పాల్ ఇచ్చిన ‘ఎవాంజీలియుం వీతే’ విశ్వలేఖ (పోప్ శ్రీసభ అంతటికీ రాసే బోధనా లేఖ) నిరపరాధిని కావాలని, నేరుగా చంపడం ఎప్పుడూ ఘోరమైన తప్పేనని తీర్పు చెప్పింది. అబార్షన్‌నూ కారుణ్య మరణాన్నీ ఆ గీత లోపలే పెట్టింది. ఇక్కడ ఉద్దేశం మంచిదా, పరిస్థితి కష్టమైనదా అన్నవి చేసిన మనిషి నేరభారాన్ని తగ్గించగలవు, పని స్వభావాన్ని మార్చలేవు.

ఇంకొన్ని పనులు షరతులను బట్టి తప్పో ఒప్పో అవుతాయి. ఆత్మరక్షణ, యుద్ధం ఇలాంటివి. సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనల సంగ్రహం) 2309వ పేరా యుద్ధానికి షరతులు చెబుతుంది: దురాక్రమణ వల్ల జరిగే నష్టం తీవ్రంగా, ఖచ్చితంగా ఉండాలి, మిగతా మార్గాలన్నీ విఫలమై ఉండాలి, గెలిచే అవకాశం నిజంగా ఉండాలి, ఆపాలనుకున్న కీడుకన్నా పెద్ద కీడు జరగకూడదు. షరతులను అందరూ ఒప్పుకున్నా, ఫలానా యుద్ధంలో అవి నెరవేరాయా లేదా అన్నచోట చిత్తశుద్ధి ఉన్న ఇద్దరు వేర్వేరు నిర్ణయాలకు రావచ్చు.

మూడోవి చేయాల్సిన బాధ్యతలు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం దొరకాలి అన్నది మార్చడానికి వీల్లేని లక్ష్యం. ఏ పన్ను విధానంతో, ఏ పథకంతో అన్నది మనిషి వివేకానికి వదిలేసిన విషయం. వలసల గురించి సత్యోపదేశం 2241వ పేరా కూడా ఇదే తీరులో ఉంటుంది. సంపన్న దేశాలు తమ శక్తి మేరకు పరదేశిని ఆదరించాలి అంటుంది, ప్రభుత్వాలు దానికి చట్టపరమైన షరతులు పెట్టవచ్చు అని కూడా అంటుంది.

ఇంతవరకూ చూస్తే అబార్షన్ మొదటి గదిలో, వలసలు మూడో గదిలో, కాబట్టి విషయం తేలిపోయింది అనిపిస్తుంది. అంత సులువు కాదు. రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని పీఠాధిపతుల సమావేశం) 1965లో ‘గౌదియుం ఎత్ స్పెస్’ పత్రంలో జీవానికీ గౌరవానికీ విరుద్ధమైన పనుల జాబితా ఇచ్చింది. హత్య, జాతి నిర్మూలన, అబార్షన్, కారుణ్య మరణం ఉన్న ఆ జాబితాలోనే చిత్రహింసలు, అమానుష జీవన పరిస్థితులు, బానిసత్వం, మనుషులను దేశం నుంచి తరిమేయడం, కార్మికులను పనిముట్లుగా వాడుకునే పరిస్థితులు కూడా ఉన్నాయి. 1993లో రెండవ జాన్‌పాల్ తన మరో విశ్వలేఖలో, స్వభావరీత్యానే చెడ్డవైన పనులకు ఉదాహరణగా ఈ జాబితానే చూపించారు. అంటే వలస కోటా ఎంత ఉండాలన్నది వివేకానికి సంబంధించిన ప్రశ్న. పట్టుకున్న మనిషిని హింసించవచ్చా అన్నది అలాంటి ప్రశ్న కాదు. జాబితాలోని ‘తరిమేయడం’ అంటే ఇరవయ్యో శతాబ్దపు సామూహిక బలవంతపు తరలింపులు మాత్రమేనా, చట్టప్రకారం జరిగే ప్రతి పంపివేతా దాని కిందికి వస్తుందా అన్నది వేదాంతులు (దైవశాస్త్ర పండితులు) ఇంకా వాదించుకుంటున్న విషయం. చట్టబద్ధమైన ప్రక్రియతో జరిగే పంపివేతను అందులో కలపలేమన్నది బలమైన వాదనే. మనిషిని మనిషిగా చూడని పద్ధతి ఏదైనా అందులోకే వస్తుందన్నది కూడా అంతే బలమైన వాదన.

ఇంకో మెలిక. ‘ఎప్పుడూ తప్పే’ అన్నంత మాత్రాన ‘అన్నిటికన్నా ఘోరం’ అని అర్థం కాదు. అబద్ధమాడటం స్వభావరీత్యానే తప్పని సత్యోపదేశం చెబుతుంది, కానీ ఒక చిన్న అబద్ధం చిన్న పాపమే. యుద్ధం ఎప్పుడూ తప్పని చెప్పదు, కానీ ఒక అన్యాయమైన యుద్ధం లక్షల ప్రాణాలు తీయగలదు. తప్పు ఏ రకందన్న ప్రశ్నా, అది ఎంత పెద్దదన్న ప్రశ్నా వేరు. టీవీ చర్చల్లో ఈ రెండూ కలిసిపోవడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే అక్కడి నుంచి ఇద్దరు మంచి మనుషులు కూడా ఒకరి మాట ఒకరు వినలేని స్థితికి వస్తారు.

వెంటిలేటర్ తీసేయడం చంపడమా?

ఇద్దరు రోగులను ఊహించుకుందాం. ఇద్దరికీ నయం కాని క్యాన్సర్, ఇద్దరూ వెంటిలేటర్ మీదే ఉన్నారు. మొదటి రోగి, ఈ యంత్రం వల్ల చావు వాయిదా పడుతోందే తప్ప తనకు మేలు జరగడం లేదనీ, ఈ బాధ ఇక భరించలేననీ చెప్పి దాన్ని తీసేయమన్నాడు. తీసేశాక కొన్ని గంటల్లో చనిపోయాడు. రెండో రోగి ప్రాణం తీసే ఇంజెక్షన్ అడిగాడు, డాక్టర్ ఇచ్చారు, చనిపోయాడు.

బయటినుంచి చూస్తే ఫలితం ఒక్కటే. కతోలిక నీతి మొదటిదాన్ని అనుమతిస్తుంది, రెండోదాన్ని అనుమతించదు. మొదటి సందర్భంలో మనిషిని చంపుతున్నది రోగం. వైద్యులు మానేసింది మోతాదు మించిన చికిత్సను. 1957 నవంబర్‌లో పోప్ పన్నెండవ పయస్ మత్తు వైద్యులతో మాట్లాడుతూ, మామూలు వైద్యం తీసుకోవడం బాధ్యత అనీ, రోగికి విపరీత భారమయ్యే అసాధారణ చికిత్స తీసుకోవాలన్న నిర్బంధం లేదనీ చెప్పారు. నొప్పి తగ్గించే మందు ఆయుష్షును కొంత తగ్గించవచ్చని తెలిసినా, ఉద్దేశం నొప్పి తగ్గించడమే అయితే, వేరే దారి లేనప్పుడు ఇవ్వొచ్చని కూడా అదే ఏడాది చెప్పారు. ఏం చేసైనా ప్రాణాన్ని సాగదీయాలన్నదే కతోలిక బోధన అని అనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు.

అంచుల దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది. ఏళ్లుగా స్పృహ లేని రోగికి గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం చికిత్సా, లేక కనీస సంరక్షణా? సూత్రప్రాయంగా అది మామూలు సంరక్షణే, ఇవ్వాల్సిందే అని వాటికన్ 2007లో జవాబిచ్చింది. శరీరం దాన్ని జీర్ణం చేసుకోలేనప్పుడు, తీవ్రమైన బాధ కలిగిస్తున్నప్పుడు మినహాయింపులున్నాయి. ఆ మినహాయింపుల వెడల్పు ఎంత అన్నదాని మీద కతోలిక వైద్య నైతికవేత్తల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి.

బెర్నార్డిన్ ఇక్కడ మళ్లీ గుర్తొస్తారు. 1995లో ఆయనకు క్లోమ క్యాన్సర్ అని తేలింది. 1996 నవంబర్ 14న చనిపోయారు. అంతకు వారం ముందే, డాక్టర్ సాయంతో ఆత్మహత్య చేసుకునే హక్కును గుర్తించవద్దని కోరుతూ అమెరికా సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. తన సూత్రాన్ని తన మీదే పరీక్షించుకున్న మనిషి రాసిన లేఖ అది.

తల్లి ప్రాణం ప్రమాదంలో ఉన్నప్పుడు

అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పునీత తోమాస్ అక్వినాస్ పదమూడో శతాబ్దంలో ఆత్మరక్షణ గురించి రాస్తూ, ఒకే పనికి రెండు ఫలితాలు ఉండొచ్చన్నారు. ఒకటి మనం కోరుకున్నది, రెండోది మన ఉద్దేశంలో లేనిది. దాని నుంచి తర్వాతి వేదాంతులు ద్వంద్వ ఫలిత సూత్రాన్ని తయారుచేశారు. చేసే పని స్వతహాగా చెడ్డది కాకూడదు. చెడు ఫలితాన్ని కోరుకోకూడదు. చెడు ఫలితం మంచి ఫలితానికి సాధనం కాకూడదు. చివరిగా, ఆ చెడును సహించడానికి తగినంత బలమైన కారణం ఉండాలి.

ఒక గర్భిణి గర్భసంచికి క్యాన్సర్ వచ్చిందనుకుందాం. ఆపరేషన్ ఆలస్యమైతే ఆమె బతకదు, చేస్తే బిడ్డ బతకదు. ఇక్కడ కతోలిక నీతి ఆపరేషన్‌ను ఒప్పుకుంటుంది. తీసేస్తున్నది జబ్బు పడిన అవయవాన్ని. బిడ్డ మరణం ముందే తెలిసినా అది ఎవరి ఉద్దేశమూ కాదు, తల్లిని కాపాడే సాధనమూ కాదు.

పిండం గర్భసంచిలో కాకుండా ఫాలోపియన్ ట్యూబులో పెరుగుతోంది అనుకుందాం. దెబ్బతిన్న ట్యూబును తీసేయడాన్ని ఇదే తర్కంతో చాలామంది ఒప్పుకుంటారు. ట్యూబును కాపాడి పిండాన్ని మాత్రమే తొలగించే ఆపరేషన్ గురించీ, పిండం పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ మందు గురించీ కతోలిక నైతికవేత్తలే రెండుగా చీలిపోయారు. అది పిండం మీద నేరుగా చేసే దాడి అని ఒకరు, హాని చేస్తున్న కణజాలం మీద పనిచేసే చికిత్స అని ఇంకొకరు అంటారు.

మూడో ఉదాహరణ నిజంగా జరిగింది. 2009లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఒక కతోలిక ఆసుపత్రికి 11 వారాల గర్భిణి వచ్చింది. ఊపిరితిత్తుల రక్తపోటు తీవ్రమై, గర్భం కొనసాగితే తల్లీబిడ్డా ఇద్దరూ చనిపోయే పరిస్థితి అని వైద్యులు నిర్ధారించారు. ఆసుపత్రి నైతిక కమిటీ అనుమతితో గర్భాన్ని తొలగించారు. ఆమె బతికింది. స్థానిక పీఠాధిపతి దాన్ని నేరుగా చేసిన అబార్షన్‌గా పరిగణించి, 2010 డిసెంబర్‌లో ఆ ఆసుపత్రికి కతోలిక హోదా తీసేశారు. ఆయన వాదనలో ఒక తర్కం ఉంది: అక్కడ జబ్బు పడింది గుండె, ఊపిరితిత్తులు; తీసింది బిడ్డను; బిడ్డ మరణం ద్వారానే తల్లి బతికింది. ఎదుటి వేదాంతుల వాదనలోనూ ఒక తర్కం ఉంది: బిడ్డ ఎలాగూ బతికే అవకాశం లేదు, శరీరాన్ని చంపుతున్నది మాయ (ప్లసెంటా) వల్ల పెరిగిన రక్త భారం, దాన్ని ఆపడమే ఉద్దేశం. అమెరికా పీఠాధిపతుల బోధనా కమిటీ, నేరుగా చేసే అబార్షన్‌కూ చికిత్సలో పరోక్షంగా జరిగే మరణానికీ ఉన్న తేడాను ఎత్తిచూపుతూ పీఠాధిపతి వైపే మాట్లాడింది. ఒక నిజమైన స్త్రీ, నిజమైన బిడ్డ ఉన్న గదిలో ‘నేరుగా’, ‘పరోక్షంగా’ అనే మాటలు ఎంత బరువు మోయాలో ఈ ఘటన చూపిస్తుంది.

మరణశిక్ష: మారిన బోధనా, ఎదిగిన బోధనా?

పోపుల పాలనలోని రాజ్యంలోనే ఒకప్పుడు మరణశిక్షలు అమలయ్యాయి. 1796 నుంచి 1864 దాకా పనిచేసిన ఒకే ఒక్క తలారి 516 మందిని చంపాడు. ఈ చరిత్రను దాచి ఏకసూత్ర నీతి గురించి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు. 1952లో పన్నెండవ పయస్ కూడా, నేరస్తుడు తన నేరం వల్ల జీవించే హక్కును అప్పటికే పోగొట్టుకున్నాడని అన్నారు.

అక్కడి నుంచి అడుగులు వరసగా పడ్డాయి. వాటికన్ నగరం 1969లో తన చట్టాల నుంచి మరణశిక్షను తీసేసింది. సమాజాన్ని కాపాడటానికి వేరే దారే లేనప్పుడు తప్ప దాన్ని వాడకూడదనీ, అలాంటి సందర్భాలు నేడు దాదాపు లేవనీ 1995లో రెండవ జాన్‌పాల్ రాశారు. 2018 ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ సత్యోపదేశం 2267వ పేరానే మార్చి, మరణశిక్ష ‘ఆమోదయోగ్యం కాదు’ అని రాయించారు. ఎంత ఘోరమైన నేరం చేసినా మనిషి గౌరవం పోదన్నది అక్కడ చూపిన మొదటి కారణం.

ఎడ్వర్డ్ ఫేజర్ లాంటి తత్వవేత్తలు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. నరుని రక్తం చిందించేవాని గురించి ఆదికాండము 9వ అధ్యాయం, పాలకుడి చేతిలో ఖడ్గం గురించి రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయం చెప్పినవాటినీ, ఇన్ని శతాబ్దాల బోధననూ పక్కన పెట్టలేమని వారి వాదన. ఇది పాత బోధనకు విరుద్ధం కాదనీ, దాని ఎదుగుదలేననీ వాటికన్ వివరణ. ఫ్రాన్సిస్ ‘స్వభావరీత్యా చెడ్డది’ అనే మాట వాడకుండా ‘ఆమోదయోగ్యం కాదు’ అన్న మాట ఎంచుకోవడాన్ని ఇరువర్గాలూ ప్రస్తావిస్తాయి. ఇక్కడ ఎవరి మాట నెగ్గినా ఒకటి మాత్రం స్పష్టం. నేరం వల్ల జీవించే హక్కు పోతుందన్న పాత తర్కాన్నీ, ఉనికిలోని గౌరవం ఎప్పటికీ పోదన్న కొత్త పత్రాన్నీ పక్కపక్కన పెడితే, రెండో దానిలోంచి మరణశిక్షకు దారి దొరకడం చాలా కష్టం.

అణ్వాయుధాల విషయంలోనూ ఇలాంటి నడకే కనిపిస్తుంది. నిరాయుధీకరణ వైపు అడుగుగా అయితే అణు నిరోధాన్ని (శత్రువు దాడి చేయకుండా భయపెట్టడానికి అణ్వాయుధాలు ఉంచుకోవడాన్ని) నైతికంగా ఒప్పుకోవచ్చని 1982లో రెండవ జాన్‌పాల్ అన్నారు. 2019 నవంబర్‌లో హిరోషిమాలో నిలబడి ఫ్రాన్సిస్, వాటిని వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ అనైతికమే అన్నారు.

నాలుగు వైపుల నుంచి విమర్శ

అబార్షన్ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసే చాలామంది కతోలికుల భయం ఒక్కటే: అన్నీ ముఖ్యమే అంటే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. ఎదురు తిరగలేని, గొంతు లేని ప్రాణాన్ని తీయడం చట్టబద్ధంగా జరుగుతున్నప్పుడు దాన్ని పదింటిలో ఒకటిగా చూపడం తప్పన్నది వారి మాట. కార్డినల్ రాట్జింగర్, తర్వాత పోప్ పదహారవ బెనెడిక్ట్, 2004లో అమెరికా పీఠాధిపతులకు రాసిన పత్రం వారికి పెద్ద ఆధారం. యుద్ధం, మరణశిక్షల అమలు విషయంలో కతోలికులు భిన్నంగా ఆలోచించవచ్చు గానీ, అబార్షన్, కారుణ్య మరణం విషయంలో అలా వీల్లేదని అందులో ఉంది.

శాంతివాదుల విమర్శ దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంటుంది. 1933లో ‘కాథలిక్ వర్కర్’ ఉద్యమాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన డొరొతి డే నుంచి నేటి వరకు వారు అడిగేది ఇదే: ప్రాణం అంత పవిత్రమైతే యుద్ధానికి మాత్రం షరతులతో తలుపు ఎందుకు తెరిచి ఉంచారు? 2016లో రోమ్‌లో జరిగిన ఒక సమావేశం, షరతులతో యుద్ధాన్ని ఒప్పుకునే ధర్మయుద్ధ సిద్ధాంతాన్ని ఇక వాడవద్దని శ్రీసభను కోరింది.

అబార్షన్ హక్కును సమర్థించే కతోలికులు, ఈ చర్చ అంతా పిండం చుట్టూ తిరుగుతూ స్త్రీ శరీరాన్నీ మనస్సాక్షినీ నేపథ్యంలోకి నెట్టేస్తోందంటారు. పిండంలోకి ఆత్మ కొంతకాలం తర్వాతే వస్తుందని అక్వినాస్ లాంటివారు భావించిన సంగతిని గుర్తుచేస్తారు. అది నిజమే. అయితే అక్వినాస్ కాలంలోనూ అబార్షన్‌ను పాపంగానే చూశారు, తొలి క్రైస్తవ రచనల్లో ఒకటైన ‘దిదాకే’లోనూ నిషేధం ఉంది. అమెరికా కతోలికుల్లో సగానికి పైగా అబార్షన్ చాలా సందర్భాల్లో చట్టబద్ధంగా ఉండాలని సర్వేల్లో చెబుతున్నారు. దీనివల్ల బోధన మారదు గానీ, బోధించేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది.

నాలుగో విమర్శ వాదనకన్నా విశ్వసనీయతకు సంబంధించింది. పిల్లలపై లైంగిక అఘాయిత్యాలను ఏళ్ల తరబడి కప్పిపుచ్చిన వ్యవస్థ మానవ గౌరవం గురించి పాఠం చెప్పగలదా? 2024 నాటి ‘దిగ్నితాస్ ఇన్ఫినిత’ పత్రం గౌరవ భంగాల జాబితాలో లైంగిక అఘాయిత్యాన్నీ చేర్చి, శ్రీసభ కూడా దీనికి అతీతం కాదని ఒప్పుకుంది. బాధితులకు ఆ ఒప్పుకోలు సరిపోతుందని నేననుకోను.

చట్టం చేసేవాళ్లు, ఓటు వేసేవాళ్లు

ఒక పనిని తప్పని నమ్మడం వేరు, దాన్ని చట్టంతో నిషేధించాలనడం వేరు. న్యూయార్క్ గవర్నర్ మారియో క్యువోమో 1984 సెప్టెంబర్‌లో నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో ఇదే తేడా మీద ప్రసంగించారు. అబార్షన్‌పై శ్రీసభ బోధనను తాను స్వీకరిస్తానని, భిన్న నమ్మకాల సమాజంలో దాన్ని అందరి మీదా రుద్దలేనని ఆయన వాదన. దొంగతనం విషయంలో ఎవరూ అలా అనరు కదా, ప్రాణ రక్షణ మత విషయం ఎలా అవుతుందని ఎదుటివారి జవాబు.

చట్టసభ సభ్యుడికి శ్రీసభ ఇచ్చిన స్పష్టత ఒకటుంది. పూర్తి నిషేధం సాధ్యం కాని చోట, తన వ్యతిరేకత అందరికీ తెలిసిన సభ్యుడు, ఉన్న చట్టం చేసే హానిని తగ్గించే బిల్లుకు ఓటు వేయవచ్చని ‘ఎవాంజీలియుం వీతే’ 73వ పేరా చెబుతుంది. ఉదాహరణకు 24 వారాల వరకు అబార్షన్‌ను అనుమతించే చట్టం ఉన్న చోట దాన్ని 12కు తగ్గించే బిల్లును సమర్థిస్తే, ఆ 12 వారాలను ఆమోదించినట్టు కాదు.

ఓటరు విషయానికొస్తే, ఇతరుల తప్పులో మన పాలు ఎంత అన్న పాత ప్రశ్న ముందుకొస్తుంది. తప్పును కోరుకుని సాయపడటం వేరు, కోరుకోకుండా దూరం నుంచి తోడ్పడినట్టు కావడం వేరు. ఈ తేడాతోనే 2020 డిసెంబర్‌లో వాటికన్, ఎన్నో ఏళ్ల క్రితం అబార్షన్ జరిగిన పిండాల నుంచి వచ్చిన కణ శ్రేణులను (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలను) వాడి తయారుచేసిన కోవిడ్ టీకాలను, వేరే టీకా అందుబాటులో లేనప్పుడు, మనస్సాక్షికి ఇబ్బంది లేకుండా వేయించుకోవచ్చని చెప్పింది.

రాట్జింగర్ 2004 పత్రం చివర ఉన్న చిన్న వివరణ కూడా ఇదే తేడా మీద నడుస్తుంది. అబార్షన్‌ను సమర్థిస్తాడన్న కారణంతోనే ఒక అభ్యర్థికి ఓటేస్తే అది తప్పులో పాలుపంచుకోవడమే. ఆ విషయంలో అతనితో విభేదిస్తూనే వేరే కారణాలతో ఓటేస్తే అది దూరపు తోడ్పాటు, తగినంత బలమైన కారణాలు ఉంటే అనుమతించదగినది. ‘తగినంత బలమైన కారణం’ అంటే ఏమిటో ఆ పత్రం చెప్పలేదు. ఏటా జరిగే అబార్షన్ల సంఖ్యకు సరితూగే కారణం ఏదీ ఉండదని కొందరు పీఠాధిపతులు అంటారు. ఒక అభ్యర్థి గెలిస్తే నిజంగా ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి, ఎన్ని పోతాయి, యుద్ధం, వలస శిబిరాలు, పేదల వైద్యం అన్నీ కలిపి లెక్క చూసుకోవాలని ఇంకొందరు అంటారు. అబార్షన్ ముప్పే తమకు అన్నిటికన్నా ముందున్న అంశమని అమెరికా పీఠాధిపతుల సమాఖ్య 2019లో ప్రకటించింది. అంతకు ఏడాది ముందే పోప్ ఫ్రాన్సిస్, పుట్టని బిడ్డల రక్షణలో దృఢంగా ఉండాలని చెబుతూ, పేదలు, దిక్కులేనివాళ్లు, నిస్సహాయులైన రోగులు, వృద్ధులు, అక్రమ రవాణాకు గురైనవాళ్ల ప్రాణాలూ అంతే పవిత్రమని రాశారు. ఈ రెండు వాక్యాలనూ ఎదురెదురుగా పెట్టి ఓటరు ఏం చేయాలో చెప్పే పత్రం రోమ్ నుంచి ఇంతవరకు రాలేదు. ఆ తూకం ఓటరు మనస్సాక్షికే మిగిలింది.